ఏప్రిల్ 23 లోపు జరగాల్సిన స్టాఫ్ మీటింగ్

జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్ గది బీరువా తెరిస్తే, రకరకాల రిజిస్టర్ల మధ్య రెండు పుస్తకాలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి సర్క్యులర్ బుక్. పై నుంచి ఏదైనా ఆదేశం వస్తే హెచ్ఎం అందులో నాలుగు ముక్కలు రాస్తారు. అటెండర్ దాన్ని పట్టుకుని క్లాసు క్లాసుకీ తిరిగి టీచర్ల సంతకాలు తెస్తాడు. రెండోది స్టాఫ్ మీటింగ్ మినిట్స్ పుస్తకం. టీచర్లంతా కూర్చుని ఏం అనుకున్నారో, ఏం తీర్మానించారో అందులో ఉండాలి. కానీ ఇప్పుడు చాలా స్కూళ్లలో ఈ రెండో పుస్తకం కూడా మొదటిదానిలాగే తయారైంది. "విద్యార్థుల వివరాలు గడువులోగా ఆన్‌లైన్‌లో నమోదు చేయవలెనని ప్రధానోపాధ్యాయులు తెలియజేసినారు", "ఉపాధ్యాయులందరూ సమయపాలన పాటించవలెనని కోరడమైనది", "మధ్యాహ్న భోజన నాణ్యతను ప్రతిరోజూ పరిశీలించవలెను". కింద వరసగా సంతకాలు. ఎవరు ఏమన్నారు, ఎవరు ఒప్పుకోలేదు, చివరికి ఏది ఎందుకు ఖాయమైంది అన్న సంగతి వెతికినా దొరకదు.

ఇది చూసి టీచర్లు కలిసి నిర్ణయించుకోవడం మానేశారనుకుంటే పొరపాటు. వాళ్లు ఏడాది పొడుగునా కలిసే నిర్ణయించుకుంటారు. టైమ్‌టేబుల్ దగ్గర, సెలవు పెట్టిన టీచర్ పీరియడ్లు సర్దుకునే దగ్గర, పదో తరగతి స్పెషల్ క్లాసుల దగ్గర, వార్షికోత్సవం దగ్గర స్టాఫ్‌రూమ్ ఎంత బాగా పనిచేస్తుందో చూసినవాళ్లకు తెలుసు. అవి మినిట్స్‌లోకి ఎక్కవు, అంతే. అసలు లోటు మరోచోట ఉంది. ఏడాది ముగింపులో వేడుకలన్నీ నిండుగా జరుగుతాయి. ఆ ఏడాదిని కూర్చుని తూచి, వచ్చే ఏడాదికి ఏం అప్పగించాలో తేల్చుకునే సమావేశం మాత్రం జరగదు.

జూన్‌లో మొదలయ్యే బేరసారాలు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. మొదటి వారంలోనే టైమ్‌టేబుల్ తయారవ్వాలి. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి నలభై ఎనిమిది. ఆరు నుంచి పది వరకు ఒక్కో సెక్షన్ ఉన్న చిన్న హైస్కూలైనా, వారానికి 240 గళ్లు నింపాలి. ఈ పని ఎప్పుడూ ఒకరిద్దరి చేతుల్లోనే ఉంటుంది. చాలాచోట్ల మ్యాథ్స్ సార్, లేదా ఆ స్కూల్లో ఎక్కువ కాలంగా ఉన్న స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్. చార్ట్ మీద పెన్సిల్‌తో గీతలు గీసి, రబ్బరు పక్కన పెట్టుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరూ వచ్చి తమ మాట చెప్పి వెళ్తారు. "సర్, శనివారం చివరి పీరియడ్ మాత్రం నాకు వద్దు." "మేడమ్, పదో తరగతి మ్యాథ్స్ పొద్దున రెండు పీరియడ్ల లోపే రావాలి, మధ్యాహ్నం పెడితే పిల్లలు నిద్రపోతారు." "తొమ్మిదికి ఫిజికల్ సైన్స్ రెండు పీరియడ్లు కలిపి ఇస్తే ల్యాబ్ చేయించుకుంటా." భోజనం తర్వాత పీరియడ్లు తెలుగుకో, హిందీకో, సోషల్‌కో వెళ్తాయి. పీఈటీకి, అంటే వ్యాయామం టీచర్‌కి, ఇచ్చిన ఆటల పీరియడ్లు జనవరి వచ్చేసరికి మ్యాథ్స్‌కి పోతాయని అందరికీ తెలుసు. ఆ సంగతి పీఈటీకి మరీ బాగా తెలుసు.

ఈ బేరం చూడ్డానికి స్వార్థంలా ఉంటుంది కానీ ఇందులో బోధన గురించిన ఆలోచన చాలా ఉంది. ఏ సబ్జెక్టుకు పిల్లల బుర్ర ఎప్పుడు తెరుచుకుంటుంది, ఏ క్లాసును ఎవరు అదుపులో పెట్టగలరు, ఆరో తరగతికి క్లాస్ టీచర్‌గా ఓపిక ఉన్నవాళ్లు ఎవరు అన్నవన్నీ ఆ గళ్లలోనే తేలిపోతాయి. ఆరో తరగతి క్లాస్ టీచర్ ఎంపిక ముఖ్యంగా చూడదగ్గది. చుట్టుపక్కల నాలుగైదు ప్రైమరీ స్కూళ్ల నుంచి వచ్చిన పిల్లలు, కొందరు గడగడ చదువుతారు, కొందరికి ఒత్తులు రావు. ఆ తరగతిని ఎవరికివ్వాలన్నది ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు "ఆ మేడమ్‌కి ఇద్దాం, పిల్లల్ని దగ్గరికి తీసుకుంటారు" అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. అంతటితో అది ఖాయం.

బాధ్యతల పంపకం కూడా ఇలాగే నడుస్తుంది. మధ్యాహ్న భోజనం, పరీక్షలు, లైబ్రరీ, సైన్స్ ఫెయిర్, స్కౌట్స్, ఆన్‌లైన్ నమోదులు, అన్నిటికీ ఒక్కో ఇన్‌చార్జ్. వీటిలో పేరొచ్చే పనులు ఉన్నాయి, ఎప్పుడు మాట పడాల్సి వస్తుందో తెలియని పనులూ ఉన్నాయి. భోజనం ఇన్‌చార్జ్ రెండో రకం. బియ్యం లెక్క తేడా వచ్చినా, గుడ్లు తక్కువైనా, పప్పు నీళ్లలా ఉన్నా జవాబు చెప్పాల్సింది ఆ టీచరే. దీన్ని ఏటా మార్చుకునే స్కూళ్లలో స్టాఫ్ మధ్య మనస్పర్థలు తక్కువ. ఒకరి మీదే ఏళ్ల తరబడి వదిలేసిన చోట ఆ అసంతృప్తి మిగతా అన్ని విషయాల్లోకీ పాకుతుంది.

చెయ్యెత్తని సభ

మన స్టాఫ్ మీటింగ్‌లో ఓటింగ్ ఉండదు. హెచ్ఎం విషయం చెబుతారు. సీనియర్లు ముందు మాట్లాడతారు. కాసేపు నిశ్శబ్దం. "చూద్దాం సర్" అని ఎవరైనా అంటే దాదాపు కాదన్నట్టే. "అలాగే చేద్దాం సర్" అని ఇద్దరు అంటే అది తీర్మానం. తర్వాత టీ, బిస్కెట్లు, కాస్త బాగున్న రోజైతే మిర్చి బజ్జీ. అసలు చర్చ ఆ టీ దగ్గర మొదలవుతుంది. మీటింగ్‌లో నోరు మెదపని టీచర్ అక్కడ చెప్పిన మాట మర్నాటికి హెచ్ఎం చెవిన పడి, నిర్ణయం కొద్దిగా మారిపోవడం మామూలే.

ఈ పద్ధతికి ఒక బలం ఉంది. ఓటు వేస్తే ఓడిపోయినవాళ్లంటూ ఉంటారు. రోజూ ఒకే గదిలో క్యారియర్లు విప్పుకుని కూరలు పంచుకునే పన్నెండు మంది మధ్య గెలుపోటములు లేకపోవడం మంచిదే. కానీ ఇందులో మాట వినపడనివాళ్లు కూడా ఉన్నారు. మీటింగ్ ఎక్కువగా లాంగ్ బెల్ కొట్టాక పెడతారు. పట్నం నుంచి బస్సులో వచ్చే టీచర్లకు, ఇంట్లో చిన్నపిల్లలున్న మేడమ్‌లకు ఆ సమయం ప్రాణసంకటం. ఆ బస్సు తప్పితే మళ్లీ గంట ఆగాలి. వాళ్లు గడియారం చూస్తూ కూర్చుని, ఏదో ఒకటి తొందరగా తేలిపోతే చాలనుకుంటారు. అలా ఇంటికి తొందర లేనివాళ్ల అభిప్రాయమే స్టాఫ్ అభిప్రాయంగా చెలామణి అవుతుంది. మీటింగ్‌ను మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లలోకి మార్చి, ఆ సమయంలో పిల్లలకు ఆటలు పెట్టిన హెచ్ఎంలు ఉన్నారు. చిన్న మార్పే అయినా ఎవరెవరు మాట్లాడతారన్నది దాంతో మారిపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్ల పరిస్థితీ అంతే. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో విద్యా దృక్పథాలు, మనోవిజ్ఞానశాస్త్రం, మెథడాలజీ చదివి వచ్చిన యువతీయువకులు వీళ్లు. కొత్త ఆలోచనలు వాళ్ల దగ్గరే ఎక్కువ. స్టాఫ్ మీటింగ్‌లో వెనక కుర్చీల్లో కూర్చునేదీ వాళ్లే. మొదటి ఏడాది నోరు తెరవకపోవడం మర్యాద అనుకుంటారు, రెండో ఏడాదికి అదే అలవాటవుతుంది.

చట్టం కూడా ఈ సభకు పెద్దగా ఊతమివ్వలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో వచ్చిన పాఠశాల విద్య సామాజిక భాగస్వామ్య చట్టం తల్లిదండ్రుల కమిటీలకు స్థానం కల్పించింది. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీని పెట్టి, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, సగం మంది మహిళలు కావాలని చెప్పింది. ఇది మంచి ఏర్పాటు. అదే చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ విధులు రాసింది: వేళకు రావడం, సిలబస్ పూర్తి చేయడం, ప్రతి పిల్లవాడి స్థాయి అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించడం, తల్లిదండ్రులతో సమావేశాలు. అన్నీ ఒక్కో టీచర్ విడిగా చేయాల్సిన పనులే. ఒక స్కూల్లోని టీచర్లంతా కలిసి తేల్చాల్సిన విషయాలు ఇవీ అని, అందుకు వాళ్లకు ఇంత అధికారం ఉందని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఆ ఖాళీలోకి యాప్‌లు, టెలికాన్ఫరెన్సులు, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఆదేశాలు సులభంగా వచ్చి కూర్చున్నాయి.

ఇతర దేశాల్లో దీన్ని ఎంత గట్టిగా పట్టించుకున్నారో చూడ్డానికి రెండు ఉదాహరణలు చాలు. ఇటలీలో 1974 నుంచి టీచర్ల సభలకు చట్టబద్ధమైన స్థానం ఉంది. ఏడాది చివర ఒక తరగతికి పాఠాలు చెప్పిన టీచర్లందరూ ఒక గదిలో కూర్చుని ఒక్కో విద్యార్థి పేరూ తీస్తారు. సబ్జెక్టు టీచర్ పెట్టే మార్కు ప్రతిపాదన మాత్రమే, దాన్ని ఖాయం చేసేది సభ. ఏకాభిప్రాయం కుదరకపోతే మెజారిటీ మాట చెల్లుతుంది. ఒక టీచర్ రాలేకపోతే ఆ స్థానంలో మరొకరిని కూర్చోబెట్టాలి, ఒక్కరు తగ్గినా నిర్ణయం చెల్లదు. మ్యాథ్స్‌లో మార్కులు తగ్గిన పిల్లవాడి గురించి, వాడి ఇంటి పరిస్థితి తెలిసిన భాషా టీచర్ మాట్లాడే అవకాశం అలా నియమంగానే వచ్చింది. దీనికి పూర్తి విరుద్ధంగా టోక్యో మెట్రోపాలిటన్ విద్యా బోర్డు 2006 ఏప్రిల్‌లో తన స్కూళ్ల స్టాఫ్ మీటింగుల్లో చేతులెత్తించి అభిప్రాయం తీసుకోవడాన్నే నిషేధించింది. నిర్ణయం ప్రిన్సిపాల్‌దే కావాలన్నది బోర్డు వాదన. మితాకా హైస్కూల్ ప్రిన్సిపాల్ దోహి నొబుఒ దీన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. తనకే అధికారం కట్టబెట్టే ఉత్తర్వును ఒక ప్రిన్సిపాలే ఎదిరించారంటే, మాట్లాడని స్టాఫ్‌తో స్కూలు నడపడం ఎంత కష్టమో అర్థం చేసుకోవచ్చు.

మనకూ ఇలాంటి ప్రయత్నాల చరిత్ర లేకపోలేదు. చుట్టుపక్కల బడుల్ని ఒక జట్టుగా కలిపే స్కూల్ కాంప్లెక్సుల ఆలోచన 1964-66 నాటి విద్యా కమిషన్, కొఠారీ కమిషన్‌ది. 1980ల్లో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, ఏపీపెప్, టీచర్స్ సెంటర్లను తెచ్చింది. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ చేరి, తాము తయారుచేసిన బోధనోపకరణాలు చూపించుకుని, క్లాసులో ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో మాట్లాడుకునేవారు. ఒకే టీచర్ ఉన్న బడిలో పనిచేసేవాళ్లకు అప్పుడూ ఇప్పుడూ కాంప్లెక్స్ మీటింగే స్టాఫ్ మీటింగ్. వాళ్లకు ఇంకో స్టాఫ్‌రూమ్ లేదు.

ఒంటిపూట బడుల వేళ

మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. అక్కడి నుంచి హైస్కూలు స్టాఫ్ మొత్తం ఒకచోట కనిపించడం అరుదు. మార్చి మధ్య నుంచి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. కొందరు ఇన్విజిలేషన్‌కు వేరే సెంటర్లకు వెళ్తారు. ఏప్రిల్ మొదటి సగంలో స్పాట్ వాల్యుయేషన్. స్కూల్ అసిస్టెంట్లు జిల్లా కేంద్రంలోని క్యాంపులో పేపర్లు దిద్దుతుంటే, మిగిలినవాళ్లు ఎండలో ఆరు నుంచి తొమ్మిది వరకు తరగతుల వార్షిక పరీక్షలు జరిపిస్తారు. ఆ తర్వాత మార్కులు వేయడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, ప్రోగ్రెస్ కార్డులు రాయడం. మామూలుగా ఏప్రిల్ 23 చివరి పని దినం. మర్నాటి నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు.

ఇంత ఒత్తిడిలోనూ వేడుకలకు మాత్రం లోటు రానివ్వరు. అసలు స్టాఫ్ కలిసి నిర్ణయించుకోవడం ఎలా ఉండాలో చూడాలంటే వార్షికోత్సవం ముందు వారం చూడాలి. జనవరి, మార్చిల మధ్య వీలు చూసుకుని తేదీ పెట్టుకుంటారు. స్టేజీ ఎవరు, మైక్ ఎవరు, దాతల్ని పిలవడం ఎవరు, బహుమతులు కొనుక్కురావడం ఎవరు అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. అసలు వాదన మిగతా వాటి మీద నడుస్తుంది. సినిమా పాటలకు డ్యాన్సులు ఒప్పుకోవాలా వద్దా. ఒప్పుకుంటే ఎన్ని, ఏవి. రాత్రి పెడితే లైట్ల వెలుగులో బాగుంటుంది, ఊరు మొత్తం వస్తుంది. కానీ పక్క ఊళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చే ఆడపిల్లలు చీకట్లో ఎలా వెళ్తారు? ఈ ఒక్క ప్రశ్నతో చాలా స్కూళ్లలో కార్యక్రమం పగటి పూటకు మారింది. ఆ ప్రశ్న వేసేది ఎక్కువగా మేడమ్‌లే. బహుమతులు ఎవరికన్నది కూడా కష్టమైన చర్చే. ఫస్ట్ మార్కులకే ఇస్తే ఏటా అవే ముఖాలు స్టేజీ ఎక్కుతాయి. ఏడాదిలో ఒక్కరోజూ బడి మానని పిల్లలకు, చేతిరాత బాగా మెరుగుపడ్డ పిల్లలకు కూడా ఇద్దామని ఎవరో ఒకరు పట్టుబడితే, ఎన్నడూ చప్పట్లు వినని పిల్లవాడికి ఆ రోజు స్టేజీ దొరుకుతుంది. ఈ నిర్ణయాలు ఏవీ పై నుంచి రావు. అందుకే వాటిలో అంత ప్రాణం ఉంటుంది.

స్వయం పరిపాలన దినోత్సవం మరో ముచ్చట. సెప్టెంబర్ 5న కొన్ని చోట్ల, ఏడాది చివర్లో మరికొన్ని చోట్ల చేస్తారు. పదో తరగతి ఆడపిల్లలు చీరలు కట్టుకుని, మగపిల్లలు టక్ చేసుకుని టీచర్లవుతారు. ఒకరు హెచ్ఎం, ఒకరు డీఈఓ, ఒకరు కలెక్టర్. స్టాఫ్ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పిల్ల టీచర్లు ఒక్కరోజు నడిపిన స్కూల్లో వాళ్లు ఎవరిని అనుకరిస్తారు, ఏ మాటలు వాడతారు అన్నది ఆ ఏడాది టీచర్లు పిల్లలకు ఎలా కనిపించారో చెప్పే నిఖార్సైన నివేదిక. కేకలు వేసే సార్ పాత్రకు నవ్వులు ఎక్కువ వస్తాయి. కానీ "మళ్లీ చెప్తా విను" అని పక్కన కూర్చున్న పిల్ల టీచరమ్మ ఎవర్ని చూసి అది నేర్చుకుందో గుర్తుపట్టడం ఆ మేడమ్‌కు ఏ సన్మానం కన్నా పెద్దది.

పదో తరగతి వీడ్కోలు సభ తొమ్మిదో తరగతి పిల్లలు చేస్తారు. పరీక్షలకు ముందే జరుగుతుంది కాబట్టి అందులో సగం సంబరం, సగం టెన్షన్. హాల్ టికెట్లు, దాతలు ఇచ్చిన పరీక్ష ప్యాడ్లు, పెన్నులు. గ్రూప్ ఫోటోలో ముందు వరస కుర్చీల్లో స్టాఫ్, మధ్యలో హెచ్ఎం. పాతికేళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నప్పుడు ఆ ఫోటో ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. రిటైరైన మాస్టార్లను వెతికి పట్టుకుని శాలువాలు కప్పుతారు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ రెండు రాష్ట్రాల్లో ఇలాంటి సమ్మేళనాలు జరగని రోజుండదేమో. ఒక స్టాఫ్ కలిసి చేసిన పనికి అంత ఆలస్యంగా వచ్చే గుర్తింపు అది. అయినా నిజమైన గుర్తింపే.

ఇక చివరి పని దినం. పొద్దున ప్రోగ్రెస్ కార్డులు పంచుతారు. పిల్లలు వెళ్లిపోయాక స్టాఫ్ భోజనం. కొన్ని స్కూళ్లలో చందాలేసుకుని బిర్యానీ తెప్పిస్తారు, కొన్ని చోట్ల ఇళ్ల నుంచి తలో వంటకం తెస్తారు. పులిహోర ఒకరు, బొబ్బట్లు ఒకరు, గుత్తి వంకాయ కూర ఒకరు, ఆవకాయ పెట్టిన ఇంటి నుంచి కొత్తావకాయ. బదిలీ ఖాయమని తెలిసినవాళ్లకు, రిటైరవుతున్నవాళ్లకు అక్కడే నాలుగు మాటలు, శాలువా, మెమెంటో. ఆ భోజనంలో వినిపించే మాటలు ఏడాది మొత్తంలో స్టాఫ్ మీటింగ్‌లో వినిపించినవాటి కంటే ఎక్కువ సూటిగా ఉంటాయి. ఏడో తరగతిలో ఎవరికి ఇంకా కూడికలు రావడం లేదు, ఏ అమ్మాయికి ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి, ఎవరి నాన్న వలస వెళ్లాడు, ఏ ఇద్దరు పిల్లల్ని ఒకే బెంచీలో కూర్చోబెడితే చదువుతారు. ఒకరికొకరు చెప్పుకుంటారు. చేతులు కడుక్కుంటారు. జూన్‌లో కలుద్దామని వెళ్లిపోతారు.

జూన్‌లో అందరూ కలవరు. తెలంగాణలో 2024 జూన్, జూలై నెలల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మే, జూన్ నెలల్లో పెద్దఎత్తున బదిలీలు జరిగాయి. బదిలీల కౌన్సెలింగ్ జరిగినప్పుడు ఒకే చోట ఎనిమిదేళ్లు నిండిన టీచర్, ఐదేళ్లు నిండిన హెచ్ఎం తప్పనిసరిగా కదలాలన్నది రెండు రాష్ట్రాల్లోనూ అమలైన నిబంధన. బదిలీలు అవసరమే. మారుమూల బడిలో పనిచేసినవాళ్లకు రోడ్డు పక్క ఊరు రావాలంటే ఇంకో దారి లేదు. కానీ బదిలీతో పాటు పిల్లల గురించి ఆ టీచర్‌కు తెలిసినదంతా కూడా వెళ్లిపోతోంది. కొత్త టీచర్ వచ్చి బేస్‌లైన్ టెస్ట్ పెడతారు. ఏ పిల్లవాడు చదవగలడు, ఎవరు చదవలేరు అని మళ్లీ మొదటి నుంచి కనుక్కుంటారు. ఏప్రిల్‌లో స్టాఫ్‌రూమ్‌కు పేరుపేరునా తెలిసిన సంగతిని తెలుసుకోవడానికి జూన్, జూలై నెలలు ఖర్చవుతాయి. తెలంగాణలో ప్రైమరీ బడులకు 2022లో వచ్చిన తొలిమెట్టు, ఆ తర్వాత హైస్కూళ్లకు వచ్చిన ఉన్నతి లాంటి కార్యక్రమాలు చదవడం, రాయడం, లెక్కలు రాని పిల్లల కోసమే పుట్టాయి. వాటికి కూడా ఏటా ఇదే చోట తెగిపోతోంది దారం.

మన దగ్గర ఏడాది చివర పిల్లల పై తరగతి గురించి స్టాఫ్ కూర్చుని మాట్లాడే అలవాటు పోవడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు ఏడో తరగతికీ పబ్లిక్ పరీక్ష ఉండేది. ప్రమోషన్ లిస్టు అంటే పెద్ద విషయం. విద్యా హక్కు చట్టం 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఆపకూడదంది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల విషయంలో రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది. పిల్లల్ని ఆపకపోవడం సరైనదే. అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టినంత మాత్రాన రాని చదువు రాదు, పైగా బడి మానేసే ప్రమాదం ఎక్కువ. అయితే ఎవరినీ ఆపనక్కర్లేదు కాబట్టి ఎవరి గురించీ మాట్లాడనక్కర్లేదు అన్నట్టు తయారైంది. పాస్ చేయాలా వద్దా అన్న ప్రశ్న పోయింది, సంతోషం. పై తరగతిలో ఈ పిల్లకు ఏం కావాలి అన్న ప్రశ్న దాని స్థానంలోకి రావాల్సింది, రాలేదు.

అందుకు కొత్త ఫారం అక్కర్లేదు, కొత్త యాప్ అసలే వద్దు. ఉన్న మినిట్స్ పుస్తకం చాలు. తరగతికి రెండు పేజీలు. క్లాస్ టీచర్ అటెండెన్స్ రిజిస్టర్ ముందు పెట్టుకుని, గట్టిగా ఆదుకోవాల్సిన పిల్లల పేర్లు మాత్రం చదువుతారు. నలభై మంది ఉన్న తరగతిలో వాళ్లు పది మంది కావచ్చు. ఒక్కొక్కరి గురించి పాఠం చెప్పిన టీచర్లందరూ ఒక్కో మాట చెబుతారు, పీఈటీతో సహా. ఆటల్లో ముందుండే పిల్లవాడు క్లాసులో ఎందుకు మూగగా ఉంటాడో చాలాసార్లు పీఈటీకే తెలుస్తుంది. ఏం ప్రయత్నించాం, ఏది పనిచేసింది, జూన్‌లో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాయాలి. ఇంటి సంగతులు, పెళ్లి మాటలు లాంటివి రాతలో పెట్టకూడదు. అవి హెచ్ఎంకో, కొత్త క్లాస్ టీచర్‌కో నోటితో చెప్పాల్సినవి. రాసినది జూన్ మొదటి స్టాఫ్ మీటింగ్‌లో టైమ్‌టేబుల్ కన్నా ముందు చదవాలి. అప్పుడు ఏడో తరగతి, ఎనిమిదో తరగతి ఎవరికివ్వాలన్న చర్చకు కూడా గట్టి ఆధారం దొరుకుతుంది.

సమయం దొరకదన్న అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. స్పాట్ నుంచి అందరూ వచ్చేది, వార్షిక పరీక్షలు అయిపోయేది దాదాపు ఒకే వారంలో. చివరి పని దినానికి ముందు అలా నాలుగైదు రోజులు మిగులుతాయి. ఆ రోజుల్లో మార్కులు ఎక్కించే పని ఉంటుంది నిజమే, కానీ బడి మధ్యాహ్నం పన్నెండున్నరకే అయిపోతుంది. పదో తరగతి పిల్లలు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు కాబట్టి నాలుగు తరగతులకు, తరగతికి అరగంట చొప్పున రెండు గంటలు కావాలి. ఒక్కరోజే అంతసేపు కూర్చోలేకపోతే రెండు రోజులు పెట్టుకోవచ్చు, ఒకరోజు ఆరు, ఏడు, మర్నాడు మిగిలినవి. బస్సు వేళ ముందే చూసుకోవాలి. స్టాఫ్ భోజనాన్ని ఆ రెండో రోజుకు జరుపుకుంటే ఇళ్ల నుంచి తెచ్చిన క్యారియర్లు మీటింగ్ అయ్యాకే విప్పుతారు.